మంచం పక్కన మనిషి

"డాక్టర్ సార్ ఆపరేషన్ చేసిండు, సిస్టర్ మందులిస్తంది. ఇగ మేం మంచం పక్కన కూసుండి చేసేదేముంది?" పిల్లల వార్డు వరండాల్లో తరచు వినపడే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల గొంతులో నిస్సహాయత ఉంటుంది, కొంచెం అపరాధభావం కూడా ఉంటుంది. హనుమకొండ జిల్లా ధర్మసాగర్‌లో ఓ మూడేళ్ల పిల్లకు హెర్నియా ఉందని తేలిందనుకుందాం. ఆ ఇంటివాళ్లు కాజీపేట, హనుమకొండ దాటి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి దాకా పోవాలి. గుండెలో రంధ్రమైతే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్ చేరాలి. జబ్బును కనిపెట్టడానికి మనకో ఏర్పాటు ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. ఖర్చుకు 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఉంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. కత్తి పట్టే చేతికీ, బిల్లు కట్టే చేతికీ లెక్క ఉంది. పిల్లను పట్టుకునే చేతికి మాత్రం లెక్క లేదు. ఆస్పత్రి భాషలో ఆ చేతికున్న పేరు "పేషెంట్ తాలూకు". ఆ తాలూకు మనిషి చుట్టపుచూపుగా వచ్చినవాడు కాదు, పిల్ల కోలుకోవడంలో పనిచేసే భాగం. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదనీ, దీనికి శరీరశాస్త్రంలో ఆధారాలున్నాయనీ ఈ అధ్యాయంలో చూద్దాం.

నొప్పికి ఓ తూము

ముందు నొప్పి సంగతి. గాయం ఎంతుంటే నొప్పి అంత ఉంటుందని మనకు అనిపిస్తుంది. అదే నిజమైతే మంచం పక్కన ఎవరున్నా లేకున్నా తేడా ఉండకూడదు. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ లెక్క సరిపోదని చూపించారు. గాయం దగ్గర పుట్టిన సంకేతం నేరుగా మెదడుకు చేరదు, వెన్నుపాములో ఒక ద్వారం దాటి పోవాలి, ఆ ద్వారం తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు అన్నారు. దీన్ని గేట్ కంట్రోల్ సిద్ధాంతం అంటారు. ధర్మసాగర్ చెరువు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చెరువులో నీళ్లెన్ని ఉన్నా పొలానికి పారేది తూము వదిలినంతే. గాయం చెరువైతే, మెదడు పొలం, వెన్నుపాములో ఉన్నది తూము. ఆ తూమును దించే శక్తి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి చర్మం నుంచి వచ్చే స్పర్శ. మోకాలు దేనికైనా కొట్టుకోగానే మనం ఆలోచించకుండానే అక్కడ రుద్దుకోవడం ఇందుకే. రెండోది మెదడు నుంచి కిందికి దిగే ఆజ్ఞ. భయపడ్డ మెదడు తూమును బార్లా తెరిపిస్తుంది, నిమ్మళించిన మెదడు దించమంటుంది. ఆ తర్వాతి పరిశోధనలు ఈ బొమ్మలో వివరాలను చాలా సవరించాయి. నొప్పిని శరీరమే హెచ్చించగలదు, తగ్గించగలదు అన్న మూలసూత్రం మాత్రం నిలబడింది.

తూము దగ్గర పాతకాలం ఊళ్లలో నీరటి ఉండేవాడు. ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో అతనికి తెలుసు. పెద్దవాళ్లు తమ నొప్పికి కొంతవరకు తామే నీరటి పని చేసుకుంటారు. "రేపటికి తగ్గుతుంది" అని నచ్చజెప్పుకుంటారు, ఫోన్ చూస్తూ మరిచిపోతారు, మాత్ర వేసుకున్న అరగంట ఓపిక పడతారు. రెండేళ్ల పిల్లకు "రేపు" అంటే ఏమిటో తెలియదు. చేతికి సూది ఎందుకు గుచ్చి ఉంచారో తెలియదు. దాని నీరటి పని ఇంకొకరు చేయాలి, అదీ అది నమ్మిన మనిషే చేయాలి. పసిపిల్లల మడమకు సూది గుచ్చి రక్తం తీసేటప్పుడు తల్లి ఒంటికి ఆనించి పట్టుకుంటే ఏమవుతుందో 2000లో అమెరికాలో కొలిచి చూశారు. ఊయలలో చుట్టి పడుకోబెట్టిన శిశువులతో పోలిస్తే వీళ్ల ఏడుపు 82 శాతం, మొహం చిట్లించడం 65 శాతం తగ్గాయి. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకాస్త దగ్గరగా చూశారు. సూదికి ముందు శిశువు చర్మాన్ని సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరితే, నొప్పికి మెదడులో కనిపించే విద్యుత్ స్పందన తగ్గింది. వేగం పెంచి నిమిరితే ఆ ఫలితం రాలేదు. మన చర్మంలో నెమ్మదైన, వెచ్చని స్పర్శకు మాత్రమే బాగా పలికే సన్నని నరాలు ఉన్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా పిల్ల చేయి సుమారు పన్నెండు సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగు సెకన్లకు ఒకసారి నిమిరితే ఆ వేగం వస్తుంది. బిడ్డను నిమిరే తల్లి చేయి గడియారం చూడకుండానే దాదాపు ఆ వేగంతోనే కదులుతుంది.

ఇక్కడొక హెచ్చరిక చెప్పుకోవాలి. స్పర్శ మత్తుమందుకు బదులు కాదు. పసిపిల్లలకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకంతో ఒకప్పుడు నెలలు నిండని శిశువులకు చాలా తక్కువ మత్తుతో ఆపరేషన్లు చేసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆపరేషన్ గది నుంచి తిరిగొచ్చే శిశువులు ఎందుకింత కుంగిపోతున్నారని అడిగాడు. 1987లో ఆయన బృందం ఫలితాలు ప్రచురించింది. బలమైన నొప్పి మందు కలిపి ఇచ్చిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్ల పొంగు తక్కువ, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తక్కువ. అంటే అదుపు తప్పిన నొప్పి ఏడిపించి ఊరుకోదు, కోలుకోవడాన్నే దెబ్బతీస్తుంది. మందు ఇవ్వాల్సినచోట మందే ఇవ్వాలి. మందు పనిచేస్తున్న వేళ పిల్ల భయాన్ని దించే పని మనిషిది.

ఏడుపు ఆగితే కుదురుకున్నట్టేనా?

"తల్లి లోపలికొస్తేనే ఈ పిల్ల ఏడుస్తుంది, తల్లి లేనప్పుడు బుద్ధిగా ఉంది" అనే మాట వార్డుల్లో పాతదే. చూడటానికి ఇది బలమైన ఆక్షేపణ. దీనికి జవాబు 1952 నాటి ఒక లండన్ సినిమాలో ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలా ఆస్పత్రులు తల్లిదండ్రులను వారానికి ఒకటి రెండు సార్లే, అదీ గంటో రెండు గంటలో రానిచ్చేవి. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశీలకుడు, బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ల అయిదు నెలల పాపను చిన్న కెమెరాతో చిత్రీకరించాడు. తనకు నచ్చినవే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా రోజూ ఒకే వేళకు కెమెరా నడిపాడు. పాప పెద్దగా గోల చేయలేదు. బొమ్మను హత్తుకుని, ఏడుపును దిగమింగుకుంటూ, అప్పుడప్పుడు అమ్మ కావాలని అడిగింది. రోజులు గడిచేకొద్దీ తల్లి వచ్చినా వెంటనే దగ్గరికి పోలేదు.

వేర్పాటు పిల్లల్లో మూడు దశలుగా సాగుతుందని రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ వివరించారు. మొదటిది గోల, రెండోది దిగులు, మూడోది తెగతెంపు. గోల చేసే పిల్ల ఇంకా ఆశతో పిలుస్తోంది. పిలుపుకు జవాబు రాకపోతే దిగులు పడుతుంది. చివరికి పిలవడమే మానేస్తుంది. వార్డు ఈ మూడో దశను చూసి "కుదురుకుంది" అనుకునేది. తల్లిని చూడగానే పిల్ల ఏడ్చిందంటే, అప్పటిదాకా అదిమి పెట్టుకున్న ఏడుపుకు ఓ చోటు దొరికిందన్నమాట. ఎండిన బోరు నిశ్శబ్దంగా ఉంటుంది, అంతమాత్రాన దాన్ని బాగుపడ్డ బోరు అనం. ఆ సినిమా చూసిన వైద్యులు చాలామంది మొదట కోపగించుకున్నారు. ఏడేళ్లకు, 1959లో, బ్రిటన్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ మాత్రం తల్లిదండ్రులకు వేళల ఆంక్షలుండరాదనీ, చిన్నపిల్లల తల్లులు ఆస్పత్రిలోనే ఉండే వీలు కల్పించాలనీ చెప్పింది.

తల్లే ఉండాలా? ఇది న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే ఈ శాస్త్రాన్ని తప్పుగా చదివితే, ఇంట్లో మరో చంటిబిడ్డ ఉండి రాలేకపోయిన తల్లి మీద నింద పడుతుంది. 1964లో గ్లాస్గోలో 60 మంది శిశువులను వెంబడించిన షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఒకరికి మించి దగ్గరయ్యారని గమనించారు. తండ్రి, అమ్మమ్మ, అన్నయ్య ఎవరైనా కావచ్చు. ఉమ్మడి వాకిళ్లలో పిల్లలు పెరిగే మన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లకు కావాల్సింది తనకు తెలిసిన వాసన, తనను ముద్దుపేరుతో పిలిచే గొంతు, మళ్లీ మళ్లీ కనిపించే అదే మొహం. నాన్నమ్మ అయినా, మేనత్త అయినా ఆ పని జరుగుతుంది.

ఉండటం వేరు, చేయడం వేరు

ఇంతవరకు చెప్పినదానికి ఎదురు నిలిచే ఆధారం కూడా ఒకటుంది. దాన్ని దాచకూడదు. మత్తు ఇచ్చే వేళ తల్లిదండ్రులు పక్కన ఉంటే పిల్ల భయం తగ్గుతుందా అని అనేక అధ్యయనాలను కలిపి 2015లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. ఉన్నంత మాత్రాన తగ్గినట్టు తేలలేదు. వీడియో ఆటలు, నవ్వించే వేషధారులు, సద్దులేని గది వంటివి కొంత మేలు చేసే సూచనలు కనిపించాయి. మరి మన వాదన కూలిపోయినట్టేనా? కాదు, పదునెక్కినట్టు. గుండెలు దడదడలాడుతూ, ఏం చేయాలో తెలియక నిలబడ్డ మనిషి నుంచి పిల్లకు అందేది ఆ దడే. పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషికి పని తెలిసి ఉండాలి.

మాటనే తీసుకుందాం. సూది వేసేటప్పుడు మన నోట మొదట వచ్చేది "ఏం కాదు నాన్నా, ఏం కాదు". కెనడాలో మెక్‌మర్ట్రీ, చాంబర్స్ బృందం రక్తం తీయించుకునే పిల్లలను పరిశీలించి, 2010లో ఒక విచిత్రమైన సంగతి చెప్పింది. పెద్దలు ఇలా ధైర్యం చెబుతున్నప్పుడు వాళ్లే భయపడుతున్నారని పిల్లలకు అనిపించింది. దృష్టి మళ్లించే కబుర్లు చెప్పినప్పుడు అంతగా అనిపించలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఏమీ కానిచోట ఎవరూ "ఏం కాదు" అనరు. ఆ మాట రాగానే పిల్ల ఏదో కాబోతోందని పసిగడుతుంది. "మన బర్రె దూడ ఇప్పుడేం చేస్తుంటది?" అని అడిగితే దాని మనసు దొడ్డిలోకి పోతుంది. ముందుగానే "చీమ కుట్టినట్టు చురుక్కుమంటది, పది లెక్కపెట్టేలోపు పోతది" అని నిజం చెప్పడం, ఆ తర్వాత కథలోకి తీసుకుపోవడం మంచి పద్ధతి. "సూదే లేదు" అని అబద్ధమాడితే ఆ సూది ఒక్కటే కాదు, రాబోయే సూదులన్నీ కష్టమవుతాయి.

కడుపు సంగతి తర్వాతిది. ఆపరేషన్‌కు ముందు ఆకలితో ఏడ్చే పిల్లను చూసి ఎవరికీ తెలియకుండా బిస్కెట్ పెట్టడం ప్రేమతోనే జరుగుతుంది, కానీ ప్రాణం మీదికి తేవచ్చు. మత్తులో గొంతు కాపలా సడలుతుంది, కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. సాధారణంగా తేలిక ఆహారానికి 6 గంటలు, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటల ఎడం పాటిస్తారు. మత్తు డాక్టర్ చెప్పిందే చివరి మాట. పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు కొంతసేపు కదలక నిద్రపోతాయి. అందుకే నర్సు "గ్యాస్ పోయిందా?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. తినొచ్చని డాక్టర్ చెప్పాక మన ఇళ్లలో ఇంకో అడ్డు వస్తుంది. పప్పు తింటే, గుడ్డు తింటే పుండు చీము పడుతుందన్న నమ్మకం అది. చీముకు కారణం క్రిములు, పప్పు కాదు. గాయం పూడటమంటే శరీరం కొత్త గోడ కట్టడం. ఆ గోడకు ఇటుకలు మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు. వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి కావాలి. ఇల్లు కడుతున్న వేళ ఇటుక బండిని వాకిట్లోనే ఆపేస్తే కట్టుబడి ఎలా సాగుతుంది? పథ్యం పేరుతో ఉత్త చారన్నం మీద ఉంచిన పిల్లకు జరిగేది అదే. పప్పు, గుడ్డు, పాలు, జామపండు ఆ వారాల్లో మందుతో సమానం.

ఊపిరిదీ అంతే. కుట్లు లాగుతాయని పిల్ల పైపైనే ఊపిరి తీస్తుంది. ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి బుడగలు ముడుచుకుపోయి, కఫం పేరుకుంటుంది. "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే మూడేళ్ల పిల్ల వినదు. కాగితంతో గాలిమర చేసి "తిప్పు చూద్దాం" అంటే పదిసార్లు ఊదుతుంది. దగ్గేటప్పుడు చిన్న దిండు పొట్టకు ఆనించి పట్టుకుంటే కుట్ల లాగుడు తగ్గుతుంది. వీటికి చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఒక్కో మంచానికి రోజుకు గంటసేపు అలా కూర్చునే తీరిక ఏ నర్సుకూ దొరకదు.

చివరిది గమనింపు. మాటలు రాని పిల్లల నొప్పిని కొలవడానికి వైద్యులు వాడే ఒక కొలబద్దలో అయిదు అంశాలుంటాయి: మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారుస్తే ఊరుకోవడం. ఆ అయిదోది చూడండి. ఓదార్చే మనిషి లేకుండా ఆ కొలత పూర్తి కాదు. ఇది ఆకలి ఏడుపా, నిద్ర ఏడుపా, కొత్త ఏడుపా అన్నది ఇంటి మనిషికే త్వరగా తెలుస్తుంది. ఊపిరి వేగం పెరిగినా, పెదవులు నీలంగా మారినా, జ్వరం వచ్చినా, కట్టు తడిసినా, చాలాసేపు మూత్రం రాకపోయినా, పిల్ల మరీ మగతగా ఉన్నా వెంటనే సిస్టర్‌ను పిలవాలి. "ఊరికే పిలిస్తే కోప్పడతారేమో" అని ఆగకూడదు. "మా పిల్ల ఎప్పుడూ ఇట్ల ఉండదు" అనే మాటకు వైద్యంలో విలువ ఉంది.

క్రిములు, గుంపు

ఇంటివాళ్లను రానిస్తే రోగాలు తెస్తారన్నది ఆస్పత్రుల పాత భయం. చేతులు కడుక్కోని మనిషి ఎవరైనా ప్రమాదమే కాబట్టి అందులో నిజం లేకపోలేదు. అయినా చరిత్రలో ఓ సర్జన్ సరిగ్గా ఈ భయంతోనే తల్లులను లోపలికి పిలిచాడు. న్యూజిలాండ్‌లో చీలిన పెదవి, అంగిలి ఆపరేషన్లు చేసిన హెరాల్డ్ పికరిల్, తానూ సర్జనే అయిన ఆయన భార్య సిసిలీ, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి క్రిములను మోసేది ఒకే నర్సు చేతులని గుర్తించారు. తల్లి ఒంటి క్రిములతో బిడ్డకు పుట్టినప్పటి నుంచి పరిచయం ఉంది. ఆమె తన బిడ్డను తప్ప మరో బిడ్డను ముట్టదు. అందుకే తమ ఆస్పత్రిలో తల్లులే బిడ్డలకు సేవ చేసే పద్ధతి పెట్టి, ఆ అనుభవాన్ని 1940ల్లో వైద్య పత్రికలో ప్రకటించారు. మన కాలపు రుజువు 2021 నాటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారత్‌తో సహా అయిదు దేశాల్లో, తక్కువ బరువుతో పుట్టిన శిశువులను వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచుతూ, తల్లులను ఐసీయూలోనే ఉండనిచ్చారు. నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా తగ్గాయి. వీళ్లు ఆపరేషన్ అయిన పిల్లలు కారు. అయినా తల్లి లోపలుంటే క్రిములు పెరుగుతాయన్న భయాన్ని, అత్యంత సున్నితమైన శిశువుల విషయంలోనే ఈ ఫలితం నిలదీసింది.

గుంపు సంగతి వేరు. ఆపరేషన్ అయిందని తెలియగానే పండ్ల సంచులతో పదిమంది చుట్టాలు రావడం మన ఆప్యాయత. వార్డుకు అది భారం, పిల్లకు అలసట. గాఢనిద్రలోనే ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. ఆ నిద్రను పలకరింపులు చెడగొడతాయి. ఇక్కడ ఆస్పత్రి గీసే గీత న్యాయమైనది. మంచం దగ్గర ఒకరు, మార్చుకోవడానికి మరొకరు చాలు. మిగతావారికీ పని ఉంది, కానీ అది వార్డు లోపల కాదు.

ఆసరాకు ఆసరా

ఆ పనేమిటో ఒక చిన్న ప్రయోగం చెబుతుంది. 1995లో అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం కొందరు స్త్రీల చేతిపై మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానడానికి పట్టే రోజులు లెక్కపెట్టింది. సగం మంది మతిమరుపు జబ్బున్న ఇంటివారికి ఏళ్ల తరబడి సేవ చేస్తున్నవాళ్లు. మిగతా సగం మంది అదే వయసువాళ్లు, అలాంటి బాధ్యత లేనివాళ్లు. రెండో గుంపుకు సగటున 39 రోజుల్లో మానిన గాయం, సేవ చేస్తున్నవాళ్లకు దాదాపు 49 రోజులు తీసుకుంది. ఎడతెగని ఒత్తిడి గాయాన్ని నెమ్మదింపజేస్తుందని చెప్పడానికి ఈ ప్రయోగాన్ని తరచు ఉదహరిస్తారు. ఆ గాయాలు ఎవరివో మాత్రం మరిచిపోతాం. అవి రోగులవి కావు, మంచం పక్కన కూర్చున్నవాళ్లవి.

కాబట్టి "ఇంటివాళ్లు ఉండాలి" అని చెప్పి ఊరుకుంటే సగం శాస్త్రమే చెప్పినట్టు. వార్డులో ఉన్న పది రోజులూ కూలి పోతుంది, కింద చాప మీద పడుకోవాలి, తిండికి బయట డబ్బు పెట్టాలి. ఆకలితో, నిద్రలేక, ఇంటి దగ్గరి పిల్లల బెంగతో ఉన్న తల్లి గొంతులో నిమ్మళం ఎక్కడి నుంచి వస్తుంది? 2022 మేలో హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగి సహాయకులకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టినప్పుడు అది దయగా కనిపించి ఉండవచ్చు. పై ఆధారాలన్నీ కలిపి చూస్తే అది పిల్ల చికిత్సలో ఒక అంశం. మంచం పక్కన వాలగలిగే కుర్చీ, చేతులు కడుక్కునే నల్లా, పిల్లకు ఏం చేయాలో తెలుగులో రాసిచ్చిన ఒక పేజీ, రోజుకు ఒకసారి అయిదు నిమిషాలు కూర్చుని వివరించే డాక్టర్ కూడా అంతే. చుట్టాలకు మిగిలిన పని ఇదే: వంతులవారీగా మార్చుకోవడం, ఇంటి దగ్గర పిల్లలకు వండిపెట్టడం, పండ్ల సంచికి బదులు బస్సు చార్జీ చేతిలో పెట్టడం.

వరండాలో వినపడ్డ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. మంచం పక్కన కూర్చున్న మనిషి ఆ పిల్లకు నీరటి. నొప్పి తూమును దించే చేయి, భయం గట్టును కాసే కన్ను ఆ మనిషివే. నీరటి రాత్రుళ్లు గట్టు మీద కాపలా ఉంటే తమ మళ్లు తడుస్తాయని పాత ఊళ్లకు తెలుసు. అందుకే పంట కళ్లానికి రాగానే అతని మేర, అంటే పంటలో అతని వాటా, అతనికి కొలిచేవారు. దాన్ని ఎవరూ దానం అనలేదు. వార్డులో మేల్కొని ఉన్న మనిషికి మన ఆస్పత్రులూ, ఊళ్లూ ఇవ్వాల్సింది కూడా ఆ మేరే.